అక్క మంచం కింద గుడ్లు

గన్నవరంలో ఇల్లు కట్టుకున్నాక అమ్మ పెరట్లో ఏడు కోళ్ళు చేరాయి. అమ్మ గుడ్డు తినదు, నాన్న తినరు. పెట్టిన గుడ్లన్నీ పాలావిడకో, వీధి చివరి బాలింతకో వెళ్ళిపోయేవి. "మరెందుకండీ ఈ చాకిరీ?" అని ఎవరైనా అడిగితే, "ఉండనివ్వండి, ఇంట్లో కాస్త అలికిడి" అనేది. నేను మాత్రం ఎప్పుడూ అడగలేదు. అడిగితే ఆ మాట ఎక్కడికి పోతుందో నాకు తెలుసు.

తొంభైల మొదట్లో మేం గుణదలలో అద్దెకుండేవాళ్ళం. నాన్న బడిపంతులు. ఏకాదశినాడు ఉల్లిపాయ కూడా తరగని ఇల్లు మాది. అక్కకి పదిహేనో ఏట నీరసం మొదలై, నాలుగు మెట్లెక్కితే ఐదో మెట్టు మీద కూర్చుండిపోయే స్థితి వచ్చింది. "రక్తం పట్టాలండీ, రోజూ ఓ గుడ్డు పెట్టండి" అన్నాడు డాక్టరు. అమ్మ మూడు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. నాలుగో రోజు వెళ్ళి పక్కింటి గోడ దగ్గర నిలబడింది.

పక్కింటివాళ్ళు ముస్లిములు. ఆయన దర్జీ, ఆవిడని మేం పిన్నిగారు అని పిలిచేవాళ్ళం. ఆవిడకి రెండో మాట చెప్పాల్సిన పని లేకపోయింది. "గుడ్లు కొనుక్కోడమెందుకండీ, పెట్టనే ఇస్తాను. ఉడకేసే పని నాది. మీ పొయ్యి జోలికే రాదు" అంది. అలా ఇటికరంగు కోడిపెట్ట ఒకటి గోడ దాటి మా ఇంటికొచ్చింది.

మొదటి వారంలోనే అది రెండుసార్లు దేవుడిగదిలో దూరింది. అమ్మ చీపురు పట్టుకుని దాని వెనక పరుగెత్తుతుంటే నాన్న పేపరు అడ్డం పెట్టుకుని నవ్వారు. పదిహేను రోజులు తిరిగేసరికి అమ్మే బియ్యం చెరిగి నూకలు దానికని విడిగా తీసిపెట్టడం మొదలుపెట్టింది. "తిను తల్లీ, తిని మంచి గుడ్డు పెట్టు" అని బతిమాలేది. దేవుడి ముందు కూడా అమ్మ అంత దీనంగా మాట్లాడగా నేను వినలేదు.

వసారాలో అక్క మంచం కింద పాత చాటలో గడ్డి పరిచాం. పెట్ట అందులోనే గుడ్డు పెట్టి, వీధి వీధంతా వినేలా అరిచేది. సాయంత్రం బడినుంచి రాగానే ఆ గుడ్డు గోడ మీదుగా అందించడం నా పని. పిన్నిగారు ఉడికించి, వలిచి, మిరియాలపొడి చల్లి, గిన్నె మీద మూతపెట్టి ఇచ్చేది.

మొదటి రోజే అక్క కక్కేసింది. రెండో రోజు గిన్నె నా వైపు తోసింది.

"నువ్వు తినెయ్యవే. అమ్మకి చెప్పకు, ఏడుస్తుంది."

ఒక్కసారి వద్దన్నాను. ఒక్కసారే. అక్క అడిగింది కాబట్టి తిన్నానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను కానీ, అది సగం నిజం. నాకు రుచి తగిలింది. ఆ పచ్చసొన కోసం బడిలో ఆఖరి గంట ఎప్పుడు కొడతారా అని ఎదురుచూసేదాన్ని. గిన్నె ఖాళీ అయ్యేవేళకి అమ్మ తలుపు అవతల నిలబడి, ఇటు చూడకుండా అడిగేది.

"తిందా?"

"తిందమ్మా."

అక్క దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. నా బుగ్గలు నిండాయి. అక్క మొహంలో కళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు. ఆ ఏటి వానలు వెనకబట్టేలోపే అక్క పోయింది.

కోడికి ఆ సంగతి ఎవరు చెబుతారు? అది ఖాళీ మంచం కింద గుడ్డు పెట్టి అరుస్తూనే ఉంది. అమ్మ దాన్ని పిన్నిగారికి తిరిగి ఇచ్చేసింది. మర్నాడు గోడ దూకి వచ్చి మళ్ళీ చాటలో కూర్చుంది. చాట పారేశాం, మంచం తీసేశాం. ఉత్త గచ్చు మీద, మంచం కాళ్ళ మచ్చల మధ్య పెట్టింది. చివరికి మేమే ఆ ఇల్లు మారాం.

పెళ్ళయి పటమటలో మూడో అంతస్తులో కాపురం పెట్టాను. చుట్టుపక్కల కోడన్నది లేదు. అయినా పొద్దున పదింటికి, ఇల్లు సద్దుమణిగాక, ఆ అరుపు వినిపించేది. వెంటనే నోట్లో మిరియాల ఘాటు. అక్కకి పట్టాల్సిన రక్తం నాకు పట్టిందన్న మాట మా ఆయనకి కూడా చెప్పలేకపోయాను.

నా కూతురికి ఆరేళ్ళప్పుడు టైఫాయిడ్ వచ్చి తగ్గింది. తేరుకుంటుందని గన్నవరం తీసుకెళ్ళాను. మర్నాడు పొద్దున అమ్మ పెరట్లో కుంపటి మీద తనే గుడ్డు ఉడికించి, తన చేత్తో వలిచి, గిన్నెలో పెట్టి తెచ్చింది. పిల్ల ముక్కు మూసుకుని గిన్నె నా వైపు తోసింది.

"నువ్వు తినమ్మా."

అమ్మ నా మొహం చూసి, చాలా మామూలుగా అంది.

"తినవే. నీకిష్టమేగా, అప్పట్నుంచీ."

గిన్నె పక్కకి జరిపి అమ్మ వైపు తిరిగాను.

"గుడ్డు గడప తొక్కని ఇంట్లో పుట్టినదాన్ని, నాకు వాసన తెలీదనుకున్నావా? రోజూ నీ నోట్లోంచి వచ్చేది. అక్క దగ్గర ఒక్కనాడూ రాలేదు."

"మరి నన్నెందుకు తిట్టలేదు?"

"కోడి వచ్చిన నెలకే డాక్టరుగారు నాన్నకి చెప్పేశారు, ఇంక లాభం లేదని. నేను గుడ్డు మానిపిస్తే ఆ సంగతి అక్కకి తెలిసిపోదూ? అది తినకపోయినా సరే, తింటోందనే ఉండాలి ఇంట్లో."

నాకు ముందు కోపం వచ్చింది. ఈ మాట ఇన్నేళ్ళూ నీ దగ్గర దాచుకుని నన్ను అలా వదిలేశావా అని అరవాలనిపించింది. అంతలోనే, నాకు అబద్ధం చెప్పడం కష్టంగా ఉండేది కదా, మరి అది అబద్ధమని తెలిసీ రోజూ అడగడం ఈవిడకి ఎలా ఉండేదో అనిపించింది. కోపం నిలవలేదు. ఏడుస్తూనే గుడ్డు తిన్నాను. మిరియాలపొడి సరిగ్గా పిన్నిగారు చల్లినంతే పడింది.

అమ్మ కుంపటి ఆర్పడానికి పెరట్లోకి వెళ్ళిపోయింది. తలుపు అవతలనుంచి, ఇటు చూడకుండా, అదే గొంతుతో అడిగింది.

"తిందా?"

ఎవర్ని అడుగుతోందో నాకు తెలియలేదు. పిల్ల నా వైపు చూస్తోంది.

"తిందమ్మా" అన్నాను.