మా మామగారి చెయ్యి

మా మామగారు పోయారని మా అత్తవారి ఊరు లిలువా నుంచి ఆడపడుచు ఫోన్ చేసినప్పుడు మేము న్యూ టౌన్‌లో మా ఫ్లాట్‌లో అన్నాలు తింటున్నాం. మా ఆయన సరేనని ఫోన్ పెట్టేసి, పెరుగు కలుపుకుని, కంచం ఖాళీ చేసి లేచాడు. భూస్థాపనకు వెళ్దామా అని అడిగితే కుళాయి తిప్పి చెయ్యి కడుక్కున్నాడు. తండ్రి ముఖం చూడనని ఒట్టు పెట్టుకున్న మనిషి. పెట్టెలో పెట్టాక కూడా ఆ ఒట్టు నిలుపుకుంటాడేమోనని నాకు ఒకటే గుబులు.

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. భూస్థాపన తర్వాత చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడికలో ఒక్కొక్కరే లేచి ఆయన్ని సాధువును చేశారు. నేను ఉన్నది ఉన్నట్టే చెబుతాను. ఆయన కొట్టేవారు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసినన్నాళ్ళూ కొడుకు వీపు మీద బెల్టు వాతలు ఆరలేదు. ఎందుకలా తయారయ్యారో కారణాలు వెతికి పెట్టే ఓపిక నాకు లేదు.

రిటైరయ్యాక చర్చివాళ్ళ సమాధుల తోటలో గడ్డి కోసే చిన్న ట్రాక్టరును ఆయనే చూసుకునేవారు. వానలకు ముందు దాని పెట్రోలు ఫిల్టరు మార్చడమంటే ఆయనకు పండగే. ఇంజను చల్లారేదాకా ఓపిగ్గా కూర్చునేవారు. గొట్టాన్ని పట్టకారుతో నొక్కి, పాతది ఊడదీసి, కొత్తదాని మీది బాణం ఇంజను వైపు ఉందో లేదో చూసి, క్లిప్పులు బిగించి, కారుతోందేమోనని వేలితో తడిమేవారు. "ఇంజనికి మురికి తాగిస్తే అదూరుకుంటాదేటి? ఒకనాటికి మనల్నే తాగేస్తాది" అనేవారు.

ఆ చెయ్యే నాకు అన్నం పెట్టింది. నేను నల్గొండ దాన్ని. మన పులస లాంటి ఇలిశ చేప ముళ్ళు నా గొంతుకు అడ్డం పడేవి. ఆయన పక్కన కూర్చుని, ముక్క విప్పి, సన్న ముళ్ళన్నీ ఏరి నా కంచంలో వేసేవారు. మా నాన్న కూడా నాకలా ఎప్పుడూ చెయ్యలేదు.

పెళ్ళైన ఏడాది, సమాధులకు పూలు పెట్టే రోజున ట్రాక్టరు మొరాయించింది. మామగారు పూలకు వెళ్ళారు. మా ఆయన పాత ఫిల్టరే ఊడదీసి, నోటితో ఊది, మళ్ళీ తగిలించాడు. లిలువాలో అందరూ చేసేదే. పనికొచ్చే వస్తువును పారేయడానికి అక్కడ ఎవరికీ మనసొప్పదు. సాగిన క్లిప్పు పట్టలేదు. పెట్రోలు వేడి ఇంజను మీదకు కారి భగ్గుమంది. పక్కనే మోకరించిన ఆడపడుచు కొంగు అంటుకుంది.

అప్పుడే తిరిగొచ్చిన మామగారు ఉత్త చేతులతో ఆ మంట ఆర్పారు. తర్వాత కాలిన ఆ చేతులతోనే కొడుకును కొట్టారు. జుట్టు పట్టి సమాధి రాతికేసి బాదారు. పళ్ళు రాలాయి. పూలు పట్టుకున్న జనం చూస్తూ నిలబడ్డారు. ఆయన పట్టకారు ఎత్తేసరికి నేను వెళ్ళి ఆ చెయ్యి పట్టుకున్నాను.

"మామయ్యా, ఇంకొక్క దెబ్బ వేసిన్రంటే ఈయన్ని తీస్కొని పోత. మళ్ల రాను."

పట్టకారు కింద పడింది. "తీసుకుపోమ్మా. నాకాడుంటే ఆణ్ని సంపేస్తాను" అన్నారు. తన సంగతి తాను ఎరిగే అన్నారు. ఆ ఒక్క మాటకు ఈ రోజుకీ ఆయనకు దణ్ణం పెడతాను. ఆ సాయంత్రమే మేము లిలువా వదిలేశాం, తండ్రి ముఖం ఇక చూడనని మా ఆయన ఒట్టు పెట్టుకున్నది అప్పుడే.

ఫోన్ వచ్చిన మర్నాడు మా ఆయన చెప్పులు తొడుక్కుని నా కోసం గుమ్మంలో నిలబడ్డాడు. లిలువా చేరేసరికి పెట్టె సమాధుల తోట గేటు దగ్గరే ఆగిపోయి ఉంది. మామగారు మంచం పట్టాక ట్రాక్టరు కదల్లేదు, వానలకు గడ్డి నడుముదాకా పెరిగింది. ఆడపడుచు షెడ్డులోంచి కొత్త ఫిల్టరు తెచ్చి అన్న చేతిలో పెట్టింది. అతను దాన్ని బిగించాడు. రెండుసార్లు దగ్గి ఇంజను అందుకుంది.

గుంతదాకా దారి కోస్తే చాలు. అతను ఆగలేదు. గుంత చుట్టూ తిప్పాడు, తోటంతా తిప్పాడు. చుట్టాలు తెచ్చిన బంతిపూల దండలు బ్లేడు కింద నలిగి ముక్కలై ఎగిరాయి. ఇంజను మోతకు మించి అరుస్తున్నాడు. "ఏటి సేసేనని కొట్టేవు? లే, లేసి సెప్పు!"

ఆపమందామా అని పాస్టరుగారు నన్ను అడిగారు. వద్దన్నాను. పెట్టె మోస్తున్నవాళ్ళు భుజాలు మార్చుకున్నారు. కోయడానికి ఇక గడ్డి లేదు. బండి మట్టిని చీల్చుకుంటూ తిరుగుతూనే ఉంది.