ఎరుపును మాయం చేసిన మొనగాణ్ణి

నేను రాసిన నాలుగు లైన్లు ఒక లారీ మందుల సరుకును ఎలా ముంచబోయాయో చెబుతాను. నవ్వుకోండి, పరవాలేదు. ఆ రోజు నవ్వనిది నేనొక్కణ్ణే.

పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీ స్టోర్స్‌లో కొత్తగా చేరాను. రోజంతా కంపెనీ వెబ్ పేజీలో స్టాకు చూడటమే పని. ఆ పేజీ నిండా కళ్ళు పొడిచే ఎర్ర అక్షరాలు. నా బాధ చూడలేక పక్క సీటు సునీత బ్రౌజర్‌లో ఒక యాడాన్ వేసి చూపించింది.

"ఇందులో చిన్న స్క్రిప్టు రాస్తే చాలు, ఏ పేజీ అయినా నీకు నచ్చినట్టు కనబడుతుంది."

"గట్లెట్ల? పేజీ వాళ్లది గద!"

"మారేది నీ కంప్యూటర్లో మాత్రమేలే."

వెబ్ పేజీ అంటే శిలాశాసనం అనుకునేవాణ్ణి. తుడిచి రాసుకునే పలకేనని తెలిసి నోరు తెరిచాను. ఎర్రగా ఉన్నదల్లా దాచెయ్యమని రాశాను. రెప్పపాటులో పేజీ కడిగిన ముత్యమైంది! సృష్టి మొదటి రోజున బ్రహ్మకు కూడా అంత గర్వం కలిగి ఉండదు.

మర్నాడు మా మేనేజర్ లక్ష్మి మేడం అడిగారు. "రమేశ్, ఇయ్యాల పంపే మందు డ్రమ్ముల్ల రిజెక్టయినయి ఎన్ని?"

"ఒక్కటి గూడ లేదు మేడం!"

"శబాష్! జల్దీ అన్నీ లారీకి ఎక్కించు."

ఇరవై ఏళ్ళుగా సరుకు ఎత్తుతున్న నర్సింలు దగ్గర పని ఆగిపోయింది.

"సారూ, గీ ఆరు డ్రమ్ములకు ఎర్ర చీటి ఉన్నది. నేనైతే ఎక్కియ్య."

"కంప్యూటర్ల లేదు నర్సింలన్నా!"

"కంప్యూటర్ల లేకుంటేంది? నా కండ్ల ముంగట ఉన్నయి గద."

మేడం నా సీటు దగ్గరికి వచ్చి తన ఫోన్లో పేజీ తెరిచారు. ఆరు నంబర్ల పక్కన ఎర్రగా 'రిజెక్ట్'. నా తెర మీదేమో పక్కన ఏ మాటా లేకుండా ఆ నంబర్లు నల్లగా, అమాయకంగా ఉన్నాయి. పిల్లి తన కళ్ళు మూసుకుని పాలు తాగుతుందట. నేను కంప్యూటర్ కళ్ళు మూసి లోకానికే విరిగిన పాలు పోయబోయాను.

"క్వాలిటీ వాళ్లు ఆపమని పొద్దుగాల నీ పేజీల మెసేజ్ గూడ పెట్టిన్రు. సూడలే?"

"ఏ రంగుల పెట్టిన్రు మేడం?"

సునీత బల్ల కిందికి వంగిపోయింది, నవ్వాపుకోలేక.

ఆ ఎర్ర చీటీలు పనికిరాని మందును ఎంతమంది నోటి దాకా పోకుండా ఆపుతాయో అప్పుడు తట్టింది. తెరను నమ్మక డ్రమ్మును నమ్మిన నర్సింలును గోపురాన్ని చూసినట్టు తలెత్తి చూశాను.

శిక్షగా మేడం నన్ను వారం రోజులు అతని కింద చీటీలంటించే పనిలో వేశారు. మొదటి చీటీకే అతను తల అడ్డంగా ఊపాడు.

"వంకర అంటింది సారూ. జెర పీకి మళ్ల అంటియ్యి."

కాబట్టి, లోకంలోని జిగురు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నాకు నచ్చని దాన్ని దాచే ముందు, అది ఏం చెబుతోందో ఒకసారి చదువుతాను.