దొంగిలించిన ద్రాక్ష కొమ్మ

ఆంధ్రా, తెలంగాణా కలిసిన కొత్తలో మా నందిగామ నుంచి హైదరాబాదుకు ఒక పెళ్లికి వెళ్లాను. విడిది పక్కింట్లో ద్రాక్ష పందిరి ఉంది. ఆ ఇంటావిడ చర్చిలో ప్రభు భోజనానికి ఏటా జాడీలో ద్రాక్షారసం పులియబెడుతుందట. మా చర్చిలో ఎండుద్రాక్ష నానబెట్టిన నీళ్లే గతి. సిగ్గు విడిచి ఒక కొమ్మ అడిగాను.

"అడిగి తీస్కుంటే బతకదక్కా. దొంగతనంగ కోస్కపోవాలె."

"ఒకళ్ల చీపురుపుల్ల కూడా ముట్టనమ్మా నేను."

ఆవిడ నవ్వి, కత్తి అరుగు మీద పెట్టి, గోడవైపు తిరిగింది. "నేనేం చూస్తలేను."

కోశాను. గిన్నెలు కడిగిన నీళ్లే పోసి పెంచాను.

మూడో ఏడు మా చర్చిలో మా పందిరి రసమే పోశారు. తాగే ముందు పాపాలు ఒప్పుకోమన్నారు అయ్యగారు. అన్నీ ఒప్పుకున్నాను, ఆ కొమ్మ తప్ప.