నెట్ సెంటర్ పుస్తకంలో నా సీటు

ఇంటర్ అయిపోయిన ఆ వేసవిలో, నేనేం చదవబోతున్నానో గాజువాకలో నాకు తప్ప అందరికీ తెలుసు. కంప్యూటర్ సైన్స్. నాన్న స్టీల్ ప్లాంటులో షిఫ్టు ఉద్యోగి. క్యాంటీనులో టీ తాగుతూ నాన్న స్నేహితులు ఆ సంగతి తేల్చేశారు. వాళ్లలో కంప్యూటరును దగ్గరగా చూసినవాడు ఒక్కడే, అదీ రైలు రిజర్వేషన్ కౌంటరు అద్దానికి ఇవతల నుంచి. అయినా "స్కోపు" అనే మాట మాత్రం అందరికీ వచ్చు.

నాకేమో దువ్వాడ వైపు ఒక కాలేజీవాళ్లు కొత్తగా పెట్టిన సైబర్ సెక్యూరిటీ కోర్సు మీద మనసు పడింది. పరాయివాడు మన కంప్యూటర్లోకి ఎలా దూరతాడో, వాణ్ని ఎలా ఆపాలో నేర్పుతారట. మా ఇంట్లో నాకొచ్చిన ఉత్తరాలు కూడా నాన్న ముందు చదివి తర్వాత నా చేతికిచ్చేవాడు. అందుకే కాబోలు ఆ చదువు నాకంత నచ్చింది.

"ఏటది? పేరే ఎక్కడా ఇన్లేదు. రేపు ఉద్యోగానికెళ్తే ఇదేటి సదువని అడగరా?" అన్నాడు నాన్న.

"అడిగితే సెప్తాను."

"మా క్యాంటీన్లో ఒక్కడికీ తెల్దమ్మా!"

అంతకు మించిన రుజువు ఇంకేం కావాలి?

అప్పటికి ఇంజనీరింగ్ సీట్ల కౌన్సెలింగ్ ఇంటర్నెట్‌లోకి మారింది. మా వీధిలో ఎవరింట్లోనూ కంప్యూటర్ లేదు కాబట్టి అందరం మెయిన్‌రోడ్డు మీది నెట్ సెంటరుకే. పాస్‌వర్డు పెట్టుకుని, కావలసిన కోర్సులు వరసగా ఎంచుకోవాలి. గడువులోగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఆ సెంటరు యజమానిదో పద్ధతి. పొడుగు పుస్తకంలో మనిషికో పేజీ, అందులో హాల్‌టికెట్ నంబరు, పక్కనే పాస్‌వర్డు. "పిల్లలు మర్సిపోతారమ్మా, నా దగ్గరుంటే బద్రం" అనేవాడు. ఎంత జాగ్రత్త మనిషో అని మేమంతా మెచ్చుకున్నాం.

నా వంతు వచ్చింది. కీబోర్డు ముందు యజమాని, నా వెనక పదిమంది. "పాస్‌వర్డ్ సెప్పమ్మా" అన్నాడు. ఫ్యాను రొదలో వినబడలేదంటే రెండోసారి గొంతెత్తి చెప్పాను. నా పేరు, పక్కన పుట్టిన సంవత్సరం. కోర్సుల్లో మొదటిది సైబర్ సెక్యూరిటీ, రెండోది కంప్యూటర్ సైన్స్. ఈ ఘనకార్యం చేసి, సగం డిగ్రీ అప్పుడే చేతికొచ్చినట్టు ఇంటికొచ్చాను.

నాన్న ఇంకేమీ అనలేదు. ఒప్పుకున్నాడనుకున్నాను. అంత తెలివి నాది.

సీట్లు ప్రకటించిన రోజు నా కాగితం మీద కంప్యూటర్ సైన్స్ అని ఉంది. పొరపాటు జరిగిందనుకుని పరుగున సెంటరుకెళ్లాను. యజమాని పుస్తకం తీసి నా పేజీ మీద వేలు పెట్టాడు.

"పొరపాటేటి లేదమ్మా. ఆకరి రోజు మీ నాన్నొచ్చి మార్సమన్నారు. నానే మార్సాను."

మేలు చేసినవాడి ముఖం పెట్టుకుని, మెచ్చుకోలు కోసం నా వంక చూశాడు కూడా.

ఇంటికెళ్లి అరిచాను. నాన్న మీద అలా అరవడం అదే మొదలు. డ్యూటీ బట్టలైనా విప్పని నాన్న వంగి బూట్లు ఊడదీస్తున్నాడు.

"నీ మంచికే సేసానమ్మా. అయినా ఆ కోర్సులో నేర్పేదేటి, సెప్పు?"

"పాస్‌వర్డ్ ఎవలికీ సెప్పకూడదని!"

"దానికి నాలుగేళ్లా?"

అమ్మ నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది. నాకు నవ్వు రాలేదు. సీటు పోయినందుకు ఏడ్చాను. నాన్న మౌనాన్ని నమ్మినందుకు ఇంకా ఎక్కువ ఏడ్చాను. పదిమంది ముందు పాస్‌వర్డు అరిచిన నాకు అసలా సీటు ఎందుకు దక్కాలన్న ఆలోచన కూడా వచ్చింది గానీ, ఆ మాట నాన్నతో అనలేదు.

కంప్యూటర్ సైన్సులోనే చేరాను. మొదటి సెమిస్టరులో సొంత ఈమెయిల్ తెరిచానని ఇంట్లో గొప్పగా చెబితే, నాన్న పెన్ను తీసుకుని గోడమీది క్యాలెండరు దగ్గర నిలబడ్డాడు.

"పాస్‌వర్డేటమ్మా? మర్సిపోతావ్, రాసేత్తాను."

"సెప్పను నాన్నా."

నాన్న పెన్నుకి మూత పెట్టి, షిఫ్టుకు బయల్దేరాడు.