పన్నెండో ఆటగాడి ముఖం

కిందటేడు రంజాన్ నెలాఖరు. మస్కట్‌లోని ఖురంలో మా ఫోటో స్టూడియో పండగ ముందు సంతలా ఉంది. వచ్చేవాళ్ళలో సగం మంది రెసిడెంట్ కార్డు ఫోటోలకు, మిగతావాళ్ళు పాత ఫోటోలు బాగుచేయించుకోవడానికి. ఆ పనిని రెస్టొరేషన్ అంటాం. చిరిగిన ఫోటోను స్కాన్ చేసి, కంప్యూటర్లో మరకలు తుడిచి, పోయిన భాగాన్ని పూరిస్తాం. కాకినాడ నుంచి వచ్చి ఇరవై రెండేళ్ళుగా ఇదే చేస్తున్నాను. చేయి తిరిగినవాణ్ణని కాస్త పొగరు కూడా ఉండేది.

శ్రీధర్ అనే హైదరాబాద్ ఇంజనీరు తన తండ్రి రామచంద్రంగారిని వెంటబెట్టుకొచ్చాడు. విజిట్ వీసా మీద వచ్చిన పెద్దాయన. తొంభైకి దగ్గరి వయసు, గ్లకోమాతో చూపు తగ్గిపోతోంది. తెచ్చింది యాభైల నాటి కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఫోటో. మధ్యలో బంతి పట్టుకుని కూర్చున్న కెప్టెన్ ఆయనే. వెనక వరస చివర నిలబడ్డ పన్నెండో మనిషికి ముఖం లేదు.

"చెదలు కొట్టిందనుకుంటానండీ. ఎలాగైనా నింపేయండి. పేర్లు నాన్న చెబుతారు, కింద అచ్చువేయండి. హైదరాబాద్ ఇంట్లో హాల్లో పెడతాం," అని శ్రీధర్ కారు పక్కకు పెట్టడానికి వెళ్ళాడు.

ఆ గీతలు బ్లేడువని నాకు చూడగానే తెలిసింది. పెద్దాయన నావైపు వంగారు.

"చెదలు గాదు బిడ్డా. నేనే గీకిన."

ఆ పన్నెండో మనిషి మల్లయ్య. బూట్లు కొనే స్తోమత లేక ఉత్తకాళ్ళతో ఆడి, ఆ సీజన్లో ప్రతి మ్యాచ్‌లోనూ గోలు కొట్టాడట. ఫైనల్‌కు రైల్వేవాళ్ళు వచ్చి ఉద్యోగాలకు ఆటగాళ్ళను ఎంచుకుంటారని తెలిసి, ప్రిన్సిపాల్ తన మేనల్లుణ్ణి దింపాలనుకున్నాడు. మల్లయ్య ప్రాక్టీసుకు రావడం లేదని కెప్టెన్ చేత కాగితం రాయించి, అతణ్ణి పన్నెండోవాడిగా పక్కన పెట్టాడు.

"రాసిన. నాకూ నౌకరి గావాలె గద. నాకొచ్చింది, ఆ పిలగానికీ వచ్చింది. మల్లయ్య అదే స్టేషన్ల మూటలు మోసిండు, నేను లోపల క్లర్కును. ఎదురుపడితే బాగున్నవా అనేటోడు, గంతే. ఇంటికొచ్చి ఈ ఫోటో సూడలేకపోయిన."

"మరి ఇప్పుడెందుకండీ?"

"వాడు పోయి శాన ఏండ్లాయె. వానిది ఇంకో ఫోటో లేదు. కండ్లు పూర్తిగ పోకముందు ఒక్కసారి వాని ముఖం సూడాలె. ఎడమ కనుబొమ్మ తెగి ఉండె. ముందుపండ్లు ఒకదాని మీదొకటి. నేను చెప్తుంట, నువ్వు గియ్యి."

ఆదివారం ఆయన తిరుగు ప్రయాణం. పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన చెబుతుంటే గీస్తే ఒక పూట పని. పండగ రద్దీలో ఆ పూట నాకు దండగనిపించింది. నేను చూసుకుంటాను, మీరు నిశ్చింతగా ఉండండి అన్నాను. మర్నాడు ఆ ఖాళీని ఏఐ సాఫ్ట్‌వేర్‌కు అప్పగించాను. నిమిషంలో ఒక కుర్రాడు తయారయ్యాడు. ఎర్రగా బుర్రగా, తీర్చిన పలువరసతో, సబ్బు ప్రకటనలోంచి వచ్చినట్టున్నాడు. కనుబొమ్మ మీద గాటు నేనే పెట్టాను. ఇతను మల్లయ్య కాడని తెలుస్తూనే ఉంది. ఆ చూపుతో పెద్దాయనేం పోల్చుకుంటారులే అనుకున్నాను. సిగ్గులేని మాట, కానీ అనుకున్నాను.

శనివారం శ్రీధర్ ఫ్రేమ్ చూసి మురిసిపోయాడు. "సూపరండీ, నిన్న దిగినట్టుంది," అని, ఫోనొస్తే బయటికి వెళ్ళాడు.

పెద్దాయన దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు.

"వీడెవడు బిడ్డా?"

నేను ఫ్రేమ్ చుట్టే కాగితం అందుకున్నాను.

"ఇన్నొద్దులు వాని జాగ ఖాళీగనన్న ఉండె," అన్నారు మెల్లగా. "మల్ల ఇంకొకణ్ణి నిలబెడితిమి."

మర్నాడు పొద్దున్నే శ్రీధర్‌కు ఫోన్ చేసి, మళ్ళీ చేస్తాను, నాన్నగారిని ఒక్క గంట పంపమన్నాను. "ఎందుకండీ, బాగానే ఉందిగా. ప్యాకింగ్ కూడా అయిపోయింది," అన్నాడు. కారణం చెప్పడానికి ఆ రహస్యం నాది కాదు. కొన్ని నెలల తర్వాత పాస్‌పోర్టు ఫోటోకు వచ్చినప్పుడు అతనే చెప్పాడు, నాన్నకు ఇప్పుడేమీ కనిపించడం లేదని.

ఇప్పుడెవరైనా ముఖం పోయిన ఫోటో తెస్తే, ఆ మనిషిని ఎరిగినవాళ్ళు పక్కన కూర్చుంటేనే చేస్తాను. లేదంటే ఖాళీని ఖాళీగానే తిరిగిస్తాను. గిరాకీలు విసుక్కుని పక్క షాపుకు పోతున్నారు, పోనీ. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే ఇది. హైదరాబాదులో ఆ హాలు గోడ మీద ఎవరో కుర్రాడు చక్కగా నవ్వుతున్నాడు. అతని కింద మల్లయ్య అని అచ్చువేసింది నేనే.