ధర దిగినంక కొందామన్న కెమెరా

మా బావమరిది పోయాడు. మొన్న పొద్దున మా ఇంటామె వాకిట్లో కూర్చుని కందులు చెరుగుతుంటే ఫోన్ మోగింది. ఎత్తింది నేను. అతని కొడుకు. "మామా, నాయిన లేడు" అన్నాడు. మహబూబ్‌నగర్ దవాఖానలో చేర్చారని తెలుసు, తేలేటట్టు లేదనీ తెలుసు. అయినా చేతిలో ఫోన్ అట్లాగే పట్టుకుని నిలబడ్డాను. ఆమె నా మొహం చూసి చాట కింద పెట్టింది. నీ తమ్ముడు పోయాడని నేను నోటితో చెప్పనవసరం లేకపోయింది.

నేను ఐదో తరగతి చదివినవాణ్ణి. ఆత్మకూరులో సైకిల్ షాపు పెట్టుకుని బతికాను. వంకరపోయిన చక్రాన్ని నా అంత సక్కగా చేసేవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఇది గొప్ప కాదు, ఉన్న మాట. రాయడం నా పని కాదు. కానీ నేను రాయకపోతే ఎవడో ఒకడు అతన్ని మహా కళాకారుడని రాసి చేతులు కడుక్కుంటాడు. అతనికి ఆ మాట పడదు. నాకూ పడదు.

అతని ఫోటో స్టూడియో నా షాపు పక్కనే. మహబూబ్‌నగర్‌లో పని నేర్పిన గురువు తన చేత్తో ఇచ్చిన రీలు కెమెరా ఒకటి అతని దగ్గర ఉండేది. చిన్నది, అరచేతిలో పట్టేది. రేంజ్‌ఫైండర్ అంటారట. దాని కిటికీలో కన్ను పెట్టి చూస్తే మనిషి ఇద్దరుగా కనబడతాడు, ఒకడి పక్కన ఒకడు నీడలాగా. రింగు తిప్పుతుంటే ఆ ఇద్దరూ దగ్గరికి జరిగి ఒక్కడవుతారు. అప్పుడు నొక్కాలి. చప్పుడు కూడా రాదు.

ఎవరినీ నవ్వమని అడిగేవాడు కాదు. మా అమ్మ ఫోటో తీయడానికి వచ్చి, ఆముదాల ధర ఎంత పలికిందని అడుగుతూ కూర్చున్నాడు. ఆమె దళారిని తిట్టడం మొదలుపెట్టింది. ఎప్పుడు తీశాడో నాకే తెలియలేదు. "మనిషి మాట నడుమ ఆగిన కాడ దొరుకుతడు బావా" అనేవాడు. మా అమ్మ దినాలకు పటం కట్టించింది ఆ ఫోటోనే. తిట్టబోయి ఆగిన మొహం. మా అమ్మ మొహం అదే.

తెలంగాణ వచ్చిన నాటికే రీళ్ళు దొరకడం తగ్గింది. కొన్నాళ్ళకు కడిగే ల్యాబు కూడా మూతపడింది. కొడుకు పెద్ద డిజిటల్ కెమెరా కొని పెళ్ళిళ్ళకు తిరగసాగాడు. దాన్ని ఇతను ముట్టుకోలేదు. "అంత పెద్ద డబ్బ మొకం ముంగట పెడితే మనిషి బిగుసుకుంటడు" అన్నాడు. రెండు బొమ్మలు ఒకటయ్యే ఆ పాత పద్ధతిలోనే డిజిటల్ కెమెరా కూడా ఉందని, అది తప్ప ఇంకోటి పట్టనని మొండికేశాడు.

ఉంది నిజమే. ఆ ధరకు మా ఊళ్ళో జాగా వస్తుంది.

అప్పటి నుంచి మొదలైంది ఈ కొనడం. కొత్తది కొనాలా, వాడింది కొనాలా, ఇప్పుడు కొనాలా, ఆగాలా. కొడుకు ఫోన్‌లో ధరలు చూసి చెప్పేవాడు. ఇంకో కొత్త రకం వస్తుందంటే ఇతను, "అయితే ముందటిది దిగుతది, జర ఆగుదాం" అనేవాడు. అది దిగేది. దిగాక ఇంకొంచెం దిగుతుందేమో అని ఆగేవాడు. వాడింది ఎవరో అమ్ముతున్నారంటే దానికి ఇంకో అడ్డం. దసరాకు మేము పనిముట్లకు బొట్టు పెట్టి పూజ చేస్తాం. ఒకరి ఇంట్లో పూజ అందుకున్న పనిముట్టు పైసలిచ్చి తెచ్చుకుంటే చేతికి రాదని అతని నమ్మకం. గురువు చేతి మీదుగా వచ్చింది వేరు, బజారులో కొన్నది వేరు అనేవాడు. ఏమన్నా అంటే, "దసరాకు జూద్దాం" అనేవాడు.

దసరా వచ్చేది. నేను పానాలు, గాలి పంపు కడిగి పెట్టేవాణ్ణి. అతను రీలు లేని ఆ కెమెరాను పీట మీద పెట్టి బొట్టు పెట్టేవాడు.

"ఉత్త డబ్బకు మొక్కుతున్నవు. అమ్మవారు నవ్వుతది రా" అన్నాను ఒకసారి.

"నీ పంపుల ఇప్పుడు గాలి ఉన్నదా బావా?" అన్నాడు.

మా ఇంటామె నవ్వాపుకోలేక లోపలికి పోయింది. మా ఇంట్లో అట్లా నవ్వుకున్న దసరా మళ్ళీ రాలేదు.

పోయిన ఏడాది వానాకాలంలో ఒకరోజు పరుగులాంటి నడకతో నా షాపుకొచ్చాడు. హైదరాబాద్‌లో వాడిన కెమెరాలు అమ్మే చోట ఒకటి ఉందట, బయటి దేశం నుంచి వచ్చిందట.

"వాడిందే కద రా. నీకు పట్టింపు కద?"

"ఆ దేశంల ఆయుధపూజ ఉండదు బావా. దానికి ఎవ్వరు బొట్టు పెట్టలే. మనమే మొదలు."

ఇన్నేళ్ళు ఆగిన మనిషి ఆ ఒక్క సందు దొరికాక మాత్రం ఆగలేదు. అక్క దగ్గర దాచుకున్న పైసలు తీసుకుని, మర్నాడే నన్ను బస్సెక్కించాడు. దారంతా కెమెరా గురించే. ఎవరిని మొదట తీయాలి అంటే, "అక్కనే" అన్నాడు. "కందులు చెరుగుతుంటె."

దుకాణంలో పిల్లగాడు కెమెరా తీసి గుడ్డ మీద పెట్టాడు. మా వాడు చేతిలోకి తీసుకున్న తీరు చూస్తే, పుట్టిన బిడ్డను కూడా అట్లా పట్టుకోలేదు. గడప దగ్గరికి పోయి వీధి వైపు పెట్టి చూశాడు. రింగు తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. అద్దం తుడిచాడు, తన కళ్ళద్దాలు తుడిచాడు.

"ఇది కలుస్తలేదు తమ్మి. లోపల అద్దం జరిగినట్టుంది" అన్నాడు.

"నిన్ననే చెక్ చేసినం అంకుల్, ఏం ఫికర్ లేదు" అన్నాడు పిల్లగాడు. తను చూసి, బాగానే ఉందన్నాడు.

"వాడు అమ్మెటోడు, అట్లనే అంటడు. బావా, నువ్వు జూడు. చక్రం వంకర కనిపెట్టే కన్ను నీది."

నేను చూశాను. గడపలో అతను నిలబడి ఉన్నాడు, ఇద్దరుగా. రింగు తిప్పాను. ఇద్దరూ జరిగి వచ్చి ఒక్కడయ్యారు.

"ఎంతమందిమి ఉన్నం?"

"ఒక్కనివే."

"ముక్కు కాడ జూడు, బావా" అన్నాడు.

"ముక్కు గూడ ఒక్కటే."

అబద్ధం చెప్పి ఉంటే ఆ కెమెరాదే తప్పని ఇంటికి వచ్చేవాడు, ఇంకొన్నాళ్ళు ఇంకోదాని కోసం చూసేవాడు. నాకు అబద్ధం రాదు. ఇప్పుడు అడిగినా ఒక్కటే అంటాను. దాని వల్ల ఎవరికి ఏం మేలు జరిగింది?

అతను కెమెరా తీసుకుని, మీద పడిన తన వేలిముద్రలు అంగీ కొసతో తుడిచి, గుడ్డ మీద పెట్టాడు. "ధర జర దిగినంక వస్తం తమ్మి" అని పిల్లగాడికి చెప్పాడు.

తర్వాత కంటి డాక్టరు చూసి సుగర్ జబ్బు కంటి లోపలి పొరను తినేసిందన్నాడు. అద్దాలు మారిస్తే పోయేది కాదట, ముందే రావాల్సిందట. ముందు అంటే ఎప్పుడు? కెమెరాల ధరలు దిగుతున్నప్పుడే కదా. అవి ఏటికేడు దిగాయి, ఇతని చూపూ ఏటికేడు దిగింది. ఒకదాన్ని చూసుకుంటూ కూర్చున్నాం, ఇంకోటి చూడలేదు. ఆ తర్వాత కిడ్నీలు. ఆ తర్వాత మొన్నటి ఫోన్. కెమెరా లేదు, కన్ను లేదు, మనిషి లేడు. దేవుడు ఏదో ఒకటి మిగులుస్తాడంటారు. ఏం మిగిల్చాడో నాకు కనబడడం లేదు.

కళ్ళు మూసుకుంటే నాకు వచ్చేది అతని శవం కాదు, ఆ రోజు తిరుగు బస్సు. కిటికీ పక్క సీటు తీసుకున్నాడు. ఒక కన్ను మూసి బయటికి చూసేవాడు. అది తెరిచి రెండోది మూసేవాడు. షాద్‌నగర్ పోయింది. జడ్చర్ల దాటాక రెండు కళ్ళూ మూసుకుని తల వెనక్కి వాల్చాడు. నిద్రపోయాడనుకున్నాను. కిందికి చూస్తే ఒళ్ళో ఎడమ చెయ్యి కదులుతోంది. బొటనవేలు, చూపుడువేలు లేని రింగును పట్టుకుని ఇటు కొంచెం, అటు కొంచెం తిప్పుతున్నాయి.