కుడి బొటనవేలు చెప్పిన సంగతి

ఆ బైండింగ్ షాపులో అందరూ ఆమెను కత్తి అనే పిలిచేవారు. నోటికీ ఆ పేరు సరిపోతుంది గానీ, అసలు కారణం కాగితాలు కోసే మెషిను. ఇరవై మూడేళ్ళకే దాని మీద చేయి తిరిగిన మనిషి. కాగితాల దొంతరను సర్ది, బిగించి, రెండు చేతులతో రెండు మీటలూ ఒకేసారి నొక్కితే బారెడు కత్తి దిగేది. ఆమె కోసిన అంచు మీద వేలు పెడితే అద్దం మీద పెట్టినట్టుండేది.

ఒక మంగళవారం పొద్దున బల్ల దగ్గర కాగితాలు లెక్కపెడుతూ ఉన్నపాటున పడిపోయింది. ఒళ్ళంతా కొట్టుకుంది. నాలుక కరుచుకుంటుందేమోనని యజమాని కంగారుపడి, కాగితం మడత నొక్కే చెక్కను పళ్ళ మధ్య దూర్చాడు. చెక్కకేమీ కాలేదు, ముందుపన్ను కొస మాత్రం విరిగింది.

ఆసుపత్రిలో స్కాన్ తీశారు. మెదడులో ఎడమపక్క చిన్న మచ్చ ఉందన్నారు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళు తలో మాటా అన్నారు. ఫోను ఎక్కువ చూస్తుందని ఒకరు, సమయానికి తినదని ఇంకొకరు. కత్తికి అవేవీ చెవికెక్కలేదు. మెషిను దగ్గరికి తనను మళ్ళీ రానిస్తారా? ఆమె గుండెలో గుచ్చుకున్నది అదొక్కటే.

డాక్టరమ్మ నిదానస్తురాలు. "ఈ వయసులో మూర్ఛ రావడానికి చాలా కారణాలుంటాయి. తలకి పాత దెబ్బ, మెదడుకి పాకిన జ్వరం, క్షయ గడ్డ, పురుగు తిత్తి, రక్తనాళాల ముడి, అరుదుగా కంతి. కొందరికి ఏ కారణమూ దొరకదు. ముందు ఇది చెప్పండి. పడిపోయేముందు ఎవరైనా చూశారా?"

యజమాని తల గోక్కున్నాడు. గోడవారగా నిలబడ్డ కుట్టు పెద్దమ్మ ముందుకొచ్చింది. ముప్పై ఏళ్ళుగా పుస్తకాలు కుడుతున్న ఆవిడ మొహాలకన్నా చేతులనే ఎక్కువ చూస్తుంది.

"ముందు దాని కుడి బొటనవేలు ఎగిరిందమ్మా. లెక్కపెడుతోందనుకున్నా. కానీ వేలు ఆడుతోంది, కాగితం కదల్లేదు. ఆ తర్వాత మణికట్టు, మోచెయ్యి, అప్పుడు పడింది. నాలుగు రోజుల కిందట కూడా అలాగే ఎగిరింది. ఏంటే అది అంటే, నిద్ర చాల్లేదు పెద్దమ్మా అని బొంకింది."

"నిద్ర చాల్లేదన్న మాట నిజమే," అంది కత్తి మంచం మీంచి.

"మీరు నాకు సగం పని తగ్గించారు," అంది డాక్టరమ్మ పెద్దమ్మతో. "ఎడమ మెదడు కుడి చేతిని ఆడిస్తుంది. మచ్చా, వేలూ ఒకే మాట చెబుతున్నాయి."

ఇంకో రకం స్కాన్ తీశారు, ఛాతీ ఎక్స్‌రే తీశారు, రక్తం చూశారు. మచ్చ చుట్టూ ఉంగరంలాంటి గీత, మధ్యలో చుక్క. బద్దెపురుగు గుడ్డు వల్ల ఏర్పడిన తిత్తి అని తేలింది.

"నేను మాంసమే ముట్టనండీ."

"ఇది మాంసంతో వచ్చేది కాదు. పొట్టలో ఆ పురుగున్నవాళ్ళు దొడ్డికి వెళ్ళొచ్చి చేతులు సరిగా కడుక్కోకపోతే, ఆ గుడ్లు వాళ్ళు ముట్టినవాటికి అంటుకుంటాయి. అక్కణ్ణుంచి ఇంకొకళ్ళ నోట్లోకి. నువ్వు రోజుకి ఎన్నిసార్లు నోట్లో వేలు పెట్టుకుంటావు?"

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. నాలుక మీద వేలు తడుపుకోకుండా కాగితం లెక్కపెట్టడం ఆ షాపులో ఎవరికీ రాదు. ఒకే దొంతర పది చేతులు మారుతుంది.

"నీకు అలాగే వచ్చిందని నేను చెప్పలేను. ఆ దారి మాత్రం మూసెయ్యండి. ఏడాదిన్నర పాటు మూర్ఛ రాకపోతేనే మెషిను మాట."

"అప్పటికి ఆ కత్తి నన్ను మర్చిపోతుందండీ."

"నీ నోరుందిగా, దాంతో కోద్దువుగాని," అంది పెద్దమ్మ.

మాత్రలు వేసుకుంటూ కత్తి పెద్దమ్మ పక్కన కూర్చుని కుట్టు నేర్చుకుంది. సూది పట్టినా చూపు మాత్రం మెషిను మీదే. ఏడో వారంలో బొటనవేలు మళ్ళీ ఎగిరింది. ఈసారి మడతచెక్క ఎవరూ ముట్టలేదు. పెద్దమ్మ ఆమెను పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద తన శాలువా మడిచి పెట్టింది. యజమాని గడియారం చూస్తూ నిలబడ్డాడు. "నిమిషం నలభై సెకన్లు," అన్నాడు. ఆ అంకె విని డాక్టరమ్మ మెచ్చుకుంది, మందు పెంచింది.

అంతే, మళ్ళీ రాలేదు. ఆరు నెలల స్కానులో మచ్చ ఆవగింజంత అయింది. ఏడాది స్కానులో డాక్టరమ్మ వెతికి వెతికి, "లేదు," అంది. గడువు తీరిన రోజు కాగితం రాసిచ్చింది. యజమాని దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, మెషిను మీది గుడ్డ తీశాడు.

అందరూ చుట్టూ మూగారు. కత్తి కుళాయి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కొచ్చింది. నాలుకకి బదులు బల్ల మీద పెట్టిన తడి స్పాంజి గిన్నెలో వేలు తడుపుకుని కాగితాలు లెక్కపెట్టింది. అలవాటు కొద్దీ పెద్దమ్మ వేలు నాలుక దాకా వెళ్ళింది.

"పెద్దమ్మా."

పెద్దమ్మ వేలు దించేసింది.

కత్తి దొంతర సర్దింది, బిగించింది. రెండు బొటనవేళ్ళూ రెండు మీటల మీద ఆన్చింది. కుడిదాన్ని ఒక్క క్షణం చూసింది. రాయిలా నిలబడి ఉంది.

నొక్కింది.

పెద్దమ్మ వచ్చి అంచు నిమిరి చూసింది. "అద్దమే," అంది.